వడగళ్ల వాన తర్వాత మా రూఫ్‌కి ఏమైంది: ఫ్రిస్కో ఇంటి ప్రాజెక్టు డైరీ

వాన వెలిసిన రాత్రి

ఈ డైరీ మొదలుపెట్టింది ఒక్క పని కోసం. ఈ సాయంత్రం పడిన వడగళ్లు మా రూఫ్‌ని నిజంగా దెబ్బతీశాయా లేదా అన్నది ఎవరో వచ్చి చెప్పేలోపు నేనే తేల్చుకోవాలి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇక్కడ మార్చి నుంచి జూన్ దాకా హెయిల్ భయం ఉంటూనే ఉంటుంది. దక్షిణాన సముద్రం మీంచి తేమగాలి, పడమటి నుంచి పొడిగాలి వచ్చి టెక్సాస్ మీద కలుసుకుంటాయి. అప్పుడు లేచే మేఘాల్లో పైకి తన్నే గాలి ఎంత బలంగా ఉంటే మంచుగడ్డ అంతసేపు పైనే నిలిచి అంత పెద్దదవుతుంది.

వాన పావుగంట కూడా లేదు. ఆగిన వెంటనే గ్యారేజ్ తలుపు తీసి, గడ్డిలో పడినవాటిలో పెద్దవి ఏరి, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాను. చాలావరకు క్వార్టర్ నాణెం సైజు, అంటే సుమారు 1 అంగుళం. కొన్ని గోల్ఫ్ బంతి సైజు, 1.75 అంగుళాలు. వాటిని కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. మంచు కరగడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి ఈ పని ఆ రాత్రే చేయాలి.

సైజు ఎందుకు అంత ముఖ్యమంటే, వ్యాసం రెండింతలైతే గడ్డ బరువు ఎనిమిది రెట్లు అవుతుంది, కిందికి పడే వేగమూ పెరుగుతుంది. మొత్తం మీద దెబ్బ శక్తి సుమారు 16 రెట్లు. అందుకే ముప్పావు అంగుళం గడ్డల వాన ఇంటికేమీ చేయకుండా పోతుంది, 2 అంగుళాల గడ్డల వాన వీధి మొత్తానికి రూఫులు మార్పిస్తుంది. అమెరికా వాతావరణ శాఖ 1 అంగుళం, ఆపైన ఉన్నవాటినే తీవ్రమైన వడగళ్లుగా లెక్కిస్తుంది. 2010కి ముందు ఆ హద్దు ముప్పావు అంగుళంగా ఉండేది. టెక్సాస్‌లో 2021 నాటికి రికార్డయిన అతిపెద్ద వడగల్లు ఆ ఏడాది ఏప్రిల్ 28న హోండోలో పడింది. దాని వ్యాసం 6.4 అంగుళాలు. మా వాన దానితో పోల్చదగ్గది కాదు. కానీ మాది పన్నెండేళ్ల నాటి తారు షింగిల్స్ (పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచే తారు అట్టలు) రూఫ్. ఆ వయసు షింగిల్‌కి అంగుళం, అంగుళంపావు దాటిన గడ్డలు పడితే తప్పకుండా వెతికి చూడాల్సిందే.

రాత్రే అమెరికా వాతావరణ శాఖలో తుఫానుల సంగతి చూసే స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ వెబ్‌సైట్‌లో ఈరోజు రిపోర్టులు చూశాను. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏ సైజు, ఏ టైమ్‌కి పడిందో అందులో ఉంటుంది. ఆ పేజీ సేవ్ చేసి పెట్టుకున్నాను. క్లెయిమ్ వేయాల్సివస్తే మొదట అడిగేది డేట్ ఆఫ్ లాస్, అంటే నష్టం జరిగిన తేదీనే.

మరుసటి రోజు పొద్దున: నేల మీద నుంచే

రూఫ్ ఎక్కాలన్న తొందర చాలామందికి ఉంటుంది. మా ఇంటి వాలు చాలా నిటారు, పైగా రాత్రి తడి ఇంకా ఆరలేదు. అసలు మొదటి సాక్ష్యాలన్నీ కిందనే ఉంటాయి. వాటిని ముందు చూస్తేనే పైన ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

మొదట ఏసీ కండెన్సర్. బయట పెట్టే ఆ పెట్టె చుట్టూ ఉండే సన్నటి అల్యూమినియం రెక్కలు చిన్న దెబ్బకే వంగిపోతాయి. మా ఏసీకి పడమటి వైపు, దక్షిణం వైపు రెక్కలు అక్కడక్కడా నొక్కుకుపోయి ఉన్నాయి. ఉత్తరం వైపు శుభ్రంగా ఉన్నాయి. అంటే గాలి నైరుతి నుంచి కొట్టింది, గడ్డలు ఏటవాలుగా వచ్చాయి. ఈ ఒక్క విషయం తర్వాత చేసిన ప్రతి పనికీ ఆధారమైంది.

తర్వాత చెక్క ఫెన్స్. ఎండకి బూడిదరంగు తిరిగిన సెడార్ చెక్క మీద వడగల్లు తగిలినచోట పైపొర లేచిపోయి గుండ్రటి లేత మచ్చ పడుతుంది. ఇక్కడివాళ్లు స్పాటర్ మార్క్ అంటారు. కరెంటు మీటర్ డబ్బా మీద, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద కూడా ఇవి కనిపిస్తాయి. మచ్చ సైజును బట్టి గడ్డ ఎంత పెద్దదో, ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పవచ్చు. మరో ఉపయోగమూ ఉంది. ఈ మచ్చలు ఎండకి, వానకి కాలం గడిచేకొద్దీ మాసిపోతాయి. కాబట్టి అవి తాజాగా ఉన్నాయంటే దెబ్బ కూడా తాజాదే. అందుకే పొద్దున్నే టేపు పక్కన పెట్టి ఒక్కో మచ్చకీ రెండేసి ఫోటోలు తీశాను, ఒకటి దగ్గరి నుంచి, ఒకటి ఇంట్లో ఏ మూలో తెలిసేలా దూరం నుంచి. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే అది ఎవరి ఇంటి ఫెన్సో రుజువు కాదు.

చూరు వెంట వాననీటిని పట్టే గట్టర్ల ముందువైపు, నీళ్లు దిగే గొట్టాల మీద సొట్టలు ఉన్నాయి. పగటి వెలుగులో సొట్టలు సరిగా కనిపించవు. సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని రేకు మీద తేలిగ్గా రుద్దితే, లోపలికి వెళ్లినచోట సుద్ద అంటదు, సొట్ట వెంటనే బయటపడుతుంది. సాయంత్రం టార్చిలైటు పక్క నుంచి వేసినా అంతే. పడమటి వైపు కిటికీల తెరలు రెండుచోట్ల చిరిగాయి. గొట్టాల కింద నేల మీద నల్లటి రవ్వలు గుప్పెడు గుప్పెడు పోగుపడ్డాయి.

ఈ రవ్వల గురించి కొంచెం చెప్పాలి. తారు షింగిల్‌లో నడుమ ఫైబర్‌గ్లాస్ వల, దానికి రెండువైపులా తారు, ఆపైన రంగు పూత వేసిన రాతి రవ్వలు ఉంటాయి. రవ్వల పని అందం ఒక్కటే కాదు, ఎండను తారు మీద పడనివ్వకుండా ఆపడం. అవి రాలినచోట తారు ఎండకి పెళుసుబారి చీలుతుంది. కానీ గట్టర్‌లో రవ్వలు కనిపించగానే హెయిల్ దెబ్బ అనుకోకూడదు. కొత్త రూఫ్‌కి మొదట్లో కొన్ని రాలతాయి, ముసలి రూఫ్‌కి ప్రతి వానకీ రాలతాయి. అలాగే గట్టర్ సొట్టలు కూడా షింగిల్ దెబ్బకి రుజువు కావు. పల్చటి అల్యూమినియం చిన్న గడ్డకే సొట్టపోతుంది, అదే గడ్డ షింగిల్‌ని ఏమీ చేయకపోవచ్చు. ఇవన్నీ ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులు మాత్రమే.

కాగితం మీద ఇంటి నక్షా గీసి నాలుగు వాలులకీ పేర్లు పెట్టాను: పడమర, దక్షిణం, ఉత్తరం, తూర్పు. కింద దొరికిన ప్రతి గుర్తునీ అందులో వేశాను. పడమర, దక్షిణం వైపే నిండింది.

తలుపు తట్టినవాళ్లు

మధ్యాహ్నానికే వీధిలో రూఫింగ్ కంపెనీల ట్రక్కులు తిరుగుతున్నాయి. ఒకతను వచ్చి, ఫ్రీ ఇన్‌స్పెక్షన్ అన్నాడు. పైకి ఎక్కి దిగి, ఫోన్‌లో ఫోటోలు చూపించి, మొత్తం రూఫ్ పోయిందని, ఉత్తరం వైపు మరీ ఘోరంగా ఉందని చెప్పాడు. ఉత్తరం అనగానే నాకు అనుమానం వచ్చింది. నా నక్షాలో ఆ వైపు ఒక్క గుర్తూ లేదు. తర్వాత ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. అది ఇన్‌స్పెక్షన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాదు. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే పని వాళ్లకే ఇస్తానన్న ఒప్పందం. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ఇంటాయన తన చేతి నుంచి పెట్టుకోవాల్సిన మొదటి మొత్తం) మేమే చూసుకుంటాం అని కూడా అన్నాడు.

ఈ చివరి మాట టెక్సాస్‌లో చట్టవిరుద్ధం. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం డిడక్టిబుల్ ఇంటాయనే కట్టాలి. కాంట్రాక్టర్ దాన్ని మాఫీ చేయడం, బిల్లులో సర్దడం కుదరదు. కట్టినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగవచ్చు. పైగా ఈ రాష్ట్రంలో రూఫింగ్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, ఎవరైనా ట్రక్కుకి బోర్డు కట్టుకుని రావచ్చు. మంచి పనివాళ్లు చాలామంది ఉన్నారు, నా రూఫ్ వేసినవాళ్లూ అలాంటివాళ్లే. కానీ వాన పడిన మర్నాడు గుమ్మంలో నిలబడి సంతకం అడిగేవాళ్లకి మాత్రం మన వాళ్లు సంతకం పెట్టకూడదని గట్టిగా చెబుతాను. నేను పెట్టలేదు.

పక్కింటి అన్నయ్య అప్పటికే పెట్టబోతున్నాడు. "అన్నా, సంతకం రేపు కూడా పెట్టొచ్చు. ముందు మీ ఏసీ, ఫెన్స్ చూద్దాం రండి" అని తీసుకెళ్లాను. ఆయన ఇంటికీ పడమటి వైపే దెబ్బలు ఉన్నాయి.

ఆటిక్‌లోకి

సాయంత్రం ఆటిక్ (గదుల సీలింగ్‌కి, రూఫ్‌కి మధ్య ఖాళీ) మెట్లు దించి పైకి వెళ్లాను. చేతిలో టార్చి, ముక్కుకి మాస్కు. జాయిస్టుల (అడ్డదూలాల) మీద వేసిన పలకల మీదే అడుగు వేయాలి, ఇన్సులేషన్ మీద వేస్తే కింది గది సీలింగ్ ఊడుతుంది. పైకప్పు చెక్క అడుగుభాగం, మేకుల చివర్లు, గొట్టాలు బయటికి వెళ్లే చోట్లు చూశాను. గాలి బయటికి పోయే ఒక ప్లాస్టిక్ వెంట్ మూత పగిలి, దాని కింద ఇన్సులేషన్ చెయ్యంత మేర తడిసి ఉంది. మిగతాచోట అంతా పొడిగానే ఉంది. పాత తడి అయితే చెక్క మీద నల్లగా వలయాలు కడుతుంది, మేకులు తుప్పుపడతాయి. ఇక్కడ రెండూ లేవు కాబట్టి ఇది నిన్నటి నీరే.

నీళ్లు వస్తున్నచోటును వెంటనే ఆపే బాధ్యత పాలసీ ప్రకారం ఇంటాయనదే. ఊరికే వదిలేస్తే తర్వాత పెరిగిన నష్టానికి డబ్బు రాకపోవచ్చు. ఒక హ్యాండీమ్యాన్‌ని పిలిచి తాత్కాలికంగా ఆ వెంట్‌ని టార్పాలిన్‌తో కప్పించాను. కప్పకముందు ఫోటో, కప్పాక ఫోటో, రసీదు మూడూ ఫైల్లో చేరాయి.

నిచ్చెన వేసిన శనివారం

వెనక పాటియో మీది కప్పు ఒక్కటే తక్కువ ఎత్తు, తక్కువ వాలు. అంతవరకే నేను ఎక్కాను, మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుంది. నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున నిచ్చెన కాలు గోడ నుంచి బయటికి ఉండాలి, పైన చూరు దాటి మూడు అడుగులు మిగలాలి. పొద్దున్నే ఎక్కాను. మధ్యాహ్నం టెక్సాస్ ఎండలో తారు మెత్తబడి, మన బూటు అడుగులే కొత్త గీతలు పెడతాయి.

హెయిల్ దెబ్బ ఎలా ఉంటుందో అక్కడ కూర్చుని బాగా చూశాను. గుండ్రంగా, అంచులు అంత స్పష్టంగా లేకుండా ఒక చోట రవ్వలు నలిగి తారులోకి దిగబడి ఉంటాయి, కొన్ని ఊడిపోయి నల్లటి తారు బయటపడి ఉంటుంది. తాజా దెబ్బ అయితే ఆ నలుపు మెరుస్తుంది. పాతదైతే ఎండకి బూడిదరంగులోకి మారుతుంది. దెబ్బలు వరసగా ఉండవు, సమానదూరంలో ఉండవు, అన్నీ ఒకే సైజు కూడా కావు.

కానీ కంటికి కనిపించేదానికన్నా వేలికి తెలిసేదే ముఖ్యం. మచ్చ మీద బొటనవేలితో మెల్లగా నొక్కాలి. రాలిపడిన మామిడికాయ తొక్క పైకి బాగానే ఉండి లోపల మెత్తబడినట్టు, దెబ్బ తగిలిన షింగిల్ అక్కడ వేలికి లోపలికి లొంగుతుంది. అడుగున ఫైబర్‌గ్లాస్ వల చిట్లిందన్నమాట. దీన్నే ఇక్కడ బ్రూజ్ అంటారు. రవ్వలు రాలడం ఎండ సమస్య, వల చిట్లడం నీటి సమస్య. ఇది ఈ ఏడాది కారకపోవచ్చు, మూడు నాలుగేళ్లకి అదే చోట చీలి కారుతుంది. అప్పుడు క్లెయిమ్ వేద్దామంటే గడువు దాటిపోయి ఉంటుంది.

పాటియో కప్పు దక్షిణం వైపుది. పది అడుగులకి పది అడుగుల చదరం సుద్దతో గీశాను. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం చూసి లెక్కకట్టే అడ్జస్టర్లు కూడా ఒక్కో వాలు మీద ఇలాగే గీసి అందులో దెబ్బలు లెక్కపెడతారు, టెస్ట్ స్క్వేర్ అంటారు. రూఫింగ్ లెక్కలో స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులే. వేలికి మెత్తగా తగిలిన ప్రతిచోటా చుట్టూ సుద్ద సున్నా చుట్టాను. మెత్తగా లేని రవ్వల లోపాలకి చుట్టలేదు, ఎంత పెద్దగా కనిపించినా. చదరంలో పదికి పైగా సున్నాలు పడ్డాయి. లెడ్ (సీసం) గొట్టం మూతల మీద కూడా సొట్టలున్నాయి. లెడ్ చాలా మెత్తటి లోహం, ప్రతి దెబ్బ గుర్తూ దాని మీద నిలిచిపోతుంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు

పెద్ద వాలులు ఎక్కడం నా పని కాదు. టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు ఉన్న హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని ఫీజు ఇచ్చి పిలిచాను. ఆయన రూఫులు అమ్మడు, అందుకే ఆయన మాటకి నా దగ్గర విలువ. తాడు కట్టుకుని ఎక్కి, ఒక్కో వాలు మీద చదరం గీసి, ప్రతి దెబ్బకీ ఫోటో తీశాడు. పడమటి వాలు దక్షిణం కన్నా ఎక్కువ దెబ్బతింది. కొప్పు మీది రిడ్జ్ క్యాప్ షింగిల్స్ అన్నిటికన్నా ఎక్కువ. అవి వంచి వేసినవి కాబట్టి ముందు అవే చిట్లుతాయట.

ఉత్తరం వాలు గురించి ఆయన దగ్గర గంటసేపు నేర్చుకున్నాను. ఆ రూఫర్ ఫోటోల్లో చూపించినవి బ్లిస్టర్లు, అంటే తారులో చిక్కుకున్న తేమ, గాలి ఎండకి ఉబ్బి పెట్టిన బొబ్బలు. బొబ్బ పగిలాక పెన్సిల్ రబ్బరంత గుంట మిగులుతుంది. గుంట అంచులు నిటారుగా ఉంటాయి, అడుగున తారు నలగకుండా గరుకుగా ఉంటుంది, వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది. పక్కనే ఇంకా పగలని బొబ్బలు కూడా కనిపిస్తాయి. ఇవి వడగళ్ల పని కాదు. ఫోన్ ఫోటోలో మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి, అమ్మకం జరిగేది అక్కడే.

హెయిల్ కానివి ఇంకా ఉన్నాయి. నల్లటి పొడుగు చారలు ఆల్గే, ఉత్తరం వైపు నీడలో ఎక్కువ. చెట్టుకొమ్మ రాసుకుంటే రవ్వలు ఒక దిశలో గీసుకుపోతాయి. మేకు పైకి లేస్తే షింగిల్ ఒక్కచోట బుడిపెలా ఎత్తుకుంటుంది. బూటు జారితే రవ్వలు ఈడ్చినట్టు ఉంటాయి. ఇక సుత్తితో కావాలని కొట్టినవి కూడా ఉంటాయి, అదే బాధ కలిగించేది. అవన్నీ ఒకే సైజులో, చేతికి అందినంత మేరే ఉంటాయి, పక్కనే ఉన్న వెంట్ మీద, గట్టర్ మీద ఒక్క సొట్టా ఉండదు. అడ్జస్టర్‌కి అది దొరికితే నిజమైన దెబ్బలున్న క్లెయిమ్ కూడా అనుమానంలో పడుతుంది. అందుకే తెలియనివాణ్ణి రూఫ్ మీదికి ఒంటరిగా పంపకూడదు.

అన్ని కప్పులూ ఇలాగే ఉండవు. పక్క వీధిలో చెక్క షేక్ రూఫ్, అంటే చీల్చిన చెక్క పలకలతో వేసిన కప్పు ఒకటుంది. దానికి తాజా చీలిక లోపల నారింజ, గోధుమ రంగులో ఉంటుంది, పాత చీలిక బూడిదరంగు. కాంక్రీట్ పెంకు అయితే పగిలిందా లేదా అన్నదే లెక్క. మెటల్ రూఫ్‌కి సొట్టలు పడినా సాధారణంగా నీళ్లు రావు. చాలా పాలసీల్లో అలాంటివాటిని అందానికి సంబంధించిన నష్టంగా చూసి డబ్బివ్వరు. పాలసీలో ఆ క్లాజు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

బాపుతో ఫోన్

రాత్రి వికారాబాద్‌కి ఫోన్ చేశాను. "రాళ్లవాన పడ్డదంట గద, పెంకలు పగిలినయారా?" అన్నాడు బాపు. ఇక్కడ పెంకలుండవని, తారు అట్టలుంటాయని చెప్పాను. ఆయనకి 2023 మార్చి గుర్తొచ్చింది. మర్పల్లి వైపు నేలంతా తెల్లగా కప్పేసిన వడగళ్లు అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. మా చిన్నాన్న వాళ్ల పశువుల కొట్టం సిమెంటు రేకులు ఆ ఏడాదే పోయాయి.

రేకుల కప్పుకి చూసే పద్ధతి వేరే అని బాపు చెప్పింది ఇక్కడ రాసుకోవాలి. పైకి ఎక్కకూడదు, పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు. లోపల నిలబడి తలుపులు మూసి పైకి చూడాలి. చిల్లు ఉంటే వెలుగు కనిపిస్తుంది. చీలిక ఉంటే మరుసటి వానకి అడుగున తడి గీత తేలుతుంది, అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టాలి. "పైన జూస్తే ఏం దెల్వదు, కిందికెళ్లి జూడాలె" అన్నాడు. నేను ఆటిక్‌లో చేసింది కూడా అదే.

అడ్జస్టర్

క్లెయిమ్ నేనే ఫోన్ చేసి వేశాను. టెక్సాస్ చట్టం ప్రకారం 15 రోజుల్లో కంపెనీ దాన్ని అందుకున్నట్టు చెప్పి పరిశీలన మొదలుపెట్టాలి. అడ్జస్టర్ వచ్చిన రోజు ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, నా నక్షా, ఫోటోలు, రాత్రి సేవ్ చేసిన రిపోర్టు పేజీ, ఆయన చేతిలో పెట్టాను. మర్యాదగా మాట్లాడే మనిషి. ఏసీ, ఫెన్స్ చూసి నేను చెప్పకుండానే నైరుతి అన్నాడు. పైకి ఎక్కి తన చదరాలు తను గీశాడు.

పడమటి వాలు, దక్షిణం వాలు, రిడ్జ్ క్యాప్, వెంట్లు, గట్టర్లు, కిటికీ తెరలు, ఏసీ రెక్కలు సరిచేయడం ఒప్పుకున్నాడు. ఉత్తరం, తూర్పు ఒప్పుకోలేదు. నా నక్షా కూడా అదే చెబుతోంది, అందుకే నేను వాదించలేదు. వాదించాల్సిన చోట వాదించాను. రిడ్జ్ వెంట్ (కొప్పు వెంట గాలి పోయే సందు) పొడవు అంచనాలో తక్కువ రాశాడు, టేపు ఫోటో చూపిస్తే సరిచేశాడు. ఒకవేళ మీకు దెబ్బలు నిజంగా ఉండి అడ్జస్టర్ వద్దంటే, రెండోసారి చూడమని రాతపూర్వకంగా అడిగే హక్కు వాడుకోండి. కాంట్రాక్టర్ మీ తరఫున క్లెయిమ్ బేరం ఆడకూడదు, దానికి లైసెన్సు ఉన్న పబ్లిక్ అడ్జస్టర్ వేరే ఉంటారు.

డబ్బు లెక్క చాలామందికి అర్థం కాక గొడవ పడతారు. ఇక్కడ గాలి, వడగళ్లకి డిడక్టిబుల్ తరచుగా శాతంలో ఉంటుంది, అదీ ఇంటి కవరేజ్ మీద, రిపేర్ ఖర్చు మీద కాదు. కవరేజ్ 5,00,000 డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అయితే మొదటి 10,000 డాలర్లు మనవే. రీప్లేస్‌మెంట్ పాలసీ అయితే మొదటి చెక్కులో వయసు తరుగు తీసేసి ఇస్తారు, పని పూర్తయి బిల్లు చూపించాక మిగతాది వస్తుంది. ఆక్చువల్ క్యాష్ వాల్యూ పాలసీ అయితే ఆ రెండో చెక్కు ఉండదు. పన్నెండేళ్ల రూఫ్‌కి ఆ తేడా చాలా పెద్దది. చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉండొచ్చు, అప్పుడు లోన్ ఇచ్చినవాళ్ల సంతకానికి కొన్ని వారాలు పోతాయి.

పాత షింగిల్స్ పీకిన రోజు

రెండు వాలులే కొత్తవి, రెండు పాతవి అంటే రంగు కలవదు. పాతవాటి ఆయుష్షు కూడా సగం పైనే అయిపోయింది. అందుకని మిగతా రెండు వాలుల ఖర్చు సొంతంగా పెట్టుకుని మొత్తం క్లాస్ 4 షింగిల్స్ వేయించాం. క్లాస్ 4 అంటే యూఎల్ 2218 పరీక్షలో 2 అంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా షింగిల్ చిట్లకూడదు. ప్రకృతిలో పడే మంచు ఉక్కు గుండులా ఉండదు, కాబట్టి ఇది పూర్తి హామీ కాదు, మామూలు షింగిల్ కన్నా మెరుగు మాత్రం ఖాయం. సర్టిఫికెట్ పంపితే చాలా కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి. దానికి బదులుగా అందానికి సంబంధించిన నష్టం మాది కాదని ఏదైనా కాగితం పెట్టారేమో చదివి సంతకం పెట్టాలి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి రంగు అనుమతి ముందే తీసుకున్నాం.

ఈ రోజు కోసమే నేను మొదటి నుంచి ఎదురుచూశాను. పనివాళ్లని అడిగి, ఇన్‌స్పెక్టర్ సున్నాలు చుట్టిన షింగిల్స్ కొన్ని, ఉత్తరం వైపు బొబ్బల షింగిల్స్ కొన్ని పక్కన పెట్టించాను. గ్యారేజ్‌లో బల్ల మీద తిరగేసి లైటు వేసి చూశాను. పడమటి వాలు షింగిల్స్‌కి వెనకవైపు ఫైబర్‌గ్లాస్ వల అర్ధచంద్రాకారంలో, కొన్నిటికి నక్షత్రంలా చిట్లి ఉంది. పైన చాలా తక్కువ రవ్వలు రాలిన ఒక మచ్చకి వెనక అన్నిటికన్నా పెద్ద పగులు ఉంది. ఉత్తరం వైపు షింగిల్స్‌కి పైన గుంటలు ఎంత భయంకరంగా ఉన్నా వెనక వల చెక్కుచెదరలేదు. పక్కింటి అన్నయ్యని పిలిచి రెండూ చేతికిచ్చాను. కళ్లు మూసుకుని వేలితో నొక్కి ఏది ఏదో చెప్పాడు. ఆయన తన రూఫ్‌కి కూడా అదే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించుకున్నాడు.

కింద చెక్క రెండుచోట్ల మెత్తగా ఉంటే మార్పించాం. పాత మేకులు పెరట్లో పడకుండా అయస్కాంతం దొర్లించమని పట్టుబట్టాను, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.

ఇక మిగిలింది

ఫైనల్ బిల్లు, డిడక్టిబుల్ కట్టిన రుజువు, పని అయిన ఫోటోలు కంపెనీకి పంపాను. తరుగు డబ్బు చెక్కు రావాలి. క్లాస్ 4 సర్టిఫికెట్ ఏజెంట్‌కి వెళ్లింది. కారు బానెట్ మీది సొట్టలు కారు ఇన్సూరెన్స్‌లో వేరే క్లెయిమ్, దానికి డెంట్ రిపేర్ షాపు తేదీ ఇచ్చింది.

కొత్త రూఫ్‌ని నాలుగు వైపుల నుంచీ బైనాక్యులర్స్‌తో చూసి, జూమ్‌తో ఫోటోలు తీసి తేదీతో పెట్టుకున్నాను. పాత దెబ్బ, కొత్త దెబ్బ అన్న వాదన వచ్చేసారి రాకుండా ఇది పనికొస్తుంది. ఇంకొకటి, పెరట్లో హెయిల్ ప్యాడ్ పెట్టాను. అడుగు చదరం థర్మాకోల్ పలకకి మందపాటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి కర్ర మీద బిగించడమే. వడగల్లు తగిలితే ఫాయిల్ మీద గుంట పడుతుంది, దాన్ని కొలిస్తే సైజు, చుట్టూ చూస్తే గాలి దిశ తెలుస్తాయి. 1998లో కొలరాడోలో మొదలైన కోకోరాస్ అనే స్వచ్ఛంద వర్షపాత బృందం వాళ్లు ఇలాంటి ప్యాడ్లే వాడతారు. ఇంట్లో లేనప్పుడు వాన పడినా లెక్క ఉంటుంది.

పడమటి వైపు గట్టర్లు ఇంకా రాలేదు. సరుకు వచ్చాక వచ్చే వారం బిగిస్తామన్నారు.